దావోసు మంచు పందెము

యుద్ధము ముగియుట వేఱు, వైరము ముగియుట వేఱు. మొదటిది రాజ్యాధికారులు సంధిపత్రముమీద వ్రాలు చేసినంతనే ముగియును. రెండవది జనుల మనస్సులలో నాటుకొని, బడిలోను, బజారులోను, తుదకు ఆటస్థలములోను కానవచ్చుచుండును. 1914వ సంవత్సరమున నారంభమైన మహాయుద్ధము 1918 నవంబరు 11వ తేదీని నిలిచినది. కాని దాని వెనుక పెక్కేండ్లు ఐరోపాలోని కొన్ని జాతులు మఱికొన్ని జాతులతో ఆటకైనను కలియలేదు. ఆ కాలమున స్విట్జర్లండు కొండలలో నొక వైద్యుడు నెలకొల్పిన పందెము ఈ వైరమునకు చిన్న చికిత్స యైనది. యుద్ధచరిత్రలలో దాని ప్రసక్తి రాదు. అయినను సంఘముయొక్క మేలు కోరువారికి అది తెలిసికొనదగిన కథ.

ఆ పందెము మంచు హాకీ పందెము. గడ్డకట్టిన నీటిమీద, అడుగున ఉక్కు పలకలు గల జోళ్లు తొడిగి, జట్టునకు ఆరుగురు చొప్పున నిలిచి, వంకర కఱ్ఱలతో రబ్బరు బిళ్లను ఎదుటివారి గోలులోనికి కొట్టుట ఈ యాట. మన మెఱిగిన హాకీకి ఇది చుట్టమే గాని వేగమున దానిని మించును. ఈ యాటకు 1908లో పారిసు నగరమున నొక అంతర్జాతీయ సంఘ మేర్పడెను. యుద్ధానంతరము 1920లో ఆ సంఘము జర్మనీని, ఆస్ట్రియాను తనలోనుండి తొలగించెను. ఆ యేటనే బెల్జియములోని యాంట్వెర్పు నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో మంచు హాకీ మొదటిసారి చేర్చబడెను. ఓడిన రాజ్యములకు ఆ క్రీడలకు పిలుపే పోలేదు.

ఇది వెలి గాక మఱేమి? మన పల్లెలలో వెలివేయబడిన ఇంటికి నిప్పు నీరు పుట్టకుండుట, చాకలి మంగలి రాకుండుట చదువరు లెఱిగినదే. పెద్దలు చేసిన నేరమునకు ఆ యింటి పసివాండ్రును దాహముతో నుండవలసినదే. యాంట్వెర్పు వాసుల బాధ సామాన్యమైనది కాదు. 1914 అక్టోబరులో ఆ పట్టణముమీద గుండ్లు కురిపించి దానిని పట్టుకొన్నది జర్మను సైన్యమే. ఆఱేండ్లలో దానిని మఱచిపొమ్మని చెప్పుటకు మన కధికారము లేదు. కాని వెలిపడినవా రెవరు? యుద్ధమును కోరిన మంత్రులు గారు, సేనానులు గారు; కఱ్ఱ పట్టి మంచుమీద పరుగెత్తు యువకులు. పందెములో ఓడినవాడు తల వంచుకొని యింటికి పోవును, మఱల వచ్చును. పిలుపే లేనివానికి ఓడుటకైనను హక్కు లేదు.

ఈ వెలిని లెక్కసేయని వైద్యుడు కార్లు స్పెంగ్లరు. ఆయన మనస్సు తెలియవలెనన్న ఆయన తండ్రి కథ తెలియవలయును. తండ్రి యలెగ్జాండరు స్పెంగ్లరు జర్మనీలోని మాన్‌హైము పట్టణమున 1827లో జన్మించెను. న్యాయశాస్త్రము చదువుచు, 1849లో బాడెను రాజ్యమున ప్రజలు స్వాతంత్ర్యముకై చేసిన తిరుగుబాటులో చేరెను. అది విఫలము కాగా దేశము విడిచి స్విట్జర్లండునకు పాఱిపోయెను. జూరికు నగరమున ఆయనకు ఆశ్రయము దొరకినది, వైద్యవిద్యయు దొరకినది. 1853లో, సముద్రమట్టమునకు 1,560 మీటర్ల యెత్తున నున్న దావోసు అను కొండపల్లెకు వైద్యుడుగా వచ్చెను. అచ్చటి జనులలో క్షయరోగము మిక్కిలి యరుదని ఆయన గమనించి, ఆ గాలి క్షయరోగులకు హితకరమని చాటెను. 1865లో, నిండు శీతకాలమున, ఇరువురు రోగు లచ్చటికి వచ్చిరి. తరువాత వందలు, వేలు వచ్చిరి. 1890 నాటికి పొగబండియు ఆ పల్లె నంటెను. స్వదేశమున నిలువ నీడలేనివాడు పరదేశపు పల్లెను లోకప్రసిద్ధమైన ఆరోగ్యస్థానముగా చేసెను.

ఇట్టి తండ్రికి కార్లు 1860లో దావోసుననే జన్మించెను. క్షయక్రిమిని 1882లో కనుగొనిన రాబర్టు కోఖువద్ద పనిచేసి, తానును జీవితమంతయు ఆ రోగమునకు మందు వెదకెను. ఆయన కల్పించిన చికిత్సను వైద్యలోకము తుదకు ఆదరింపలేదు. కాని ఆరోగ్యశాలలో నాయన చూచిన దొకటి కలదు. అచ్చట జర్మనుడు, ఆంగ్లేయుడు, రష్యనుడు ఒకే వరండాలో ఒకే యెండకు పరుండి ఒకే దగ్గు దగ్గుదురు. ఊపిరితిత్తులకు జాతి లేదు.

ఇక 1923వ సంవత్సరము ఎట్టిదో చూడుడు. జనవరిలో ఫ్రెంచి, బెల్జియను సైన్యములు జర్మనీలోని రూరు ప్రాంతము నాక్రమించెను. నవంబరు నాటికి ఒక డాలరునకు 4,20,000 కోట్ల మార్కులు ఈయవలసి వచ్చెను. జీవితకాలమంతయు కూడబెట్టిన సొమ్ముతో రొట్టెముక్క కొనలేనివా రెందఱో! మున్ను శత్రువులైనవారి మనస్సులో ద్వేషము, ఓడినవారి మనస్సులో కసి పెరుగుచున్న ఆ దినములలో కార్లు స్పెంగ్లరు ఒక బహుమానపాత్ర నిచ్చి, దావోసున ఏటేట మంచు హాకీ పందెము జరుగునట్లు చేసెను. జర్మను భాష మాటలాడు దేశముల జట్లును ఇతర దేశముల జట్లును ఒకచోట కలిసి ఆడవలయుననుటయే ఆయన యుద్దేశము. రాజ్యములను పిలిచినచో సంఘపు శాసన మడ్డువచ్చును. కనుక ఆయన ఊరిజట్లను, విద్యాలయపు జట్లను పిలిచెను. ఆ డిసెంబరులో మొదటి పందెము జరిగినది. గెలిచినవారు ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమువారు.

వీరిలో ననేకులు చదువునకై ఇంగ్లండు వచ్చిన కానడా యువకులు. కానడా దేశమును జర్మనీతో పోరాడినదే. వీరి యన్నలు, మిత్రులు యుద్ధమున మడిసియుందురు. అయినను వెలిపడినవారి కొఱకు వేసిన పందిరిలోనికి వచ్చుటకు వీరు సందేహింపలేదు. అంతకు ముందు రెండేండ్లు ఈ జట్టున నాడి, ఆ యేడే స్వదేశమునకు మరలిన లెస్టరు పియర్సను, యుద్ధమున పనిచేసినవాడే. ఆయన 1957లో శాంతికి నోబెలు బహుమానము పొంది, పిదప 1963 మొదలు 1968 వఱకు కానడాకు ప్రధానమంత్రిగా నుండెను.

మొదటి పందెము ముగిసిన కొన్ని వారములకే, 1924 జనవరిలో, ఫ్రాన్సులోని షామొనీ పట్టణమున మొదటి శీతకాలపు ఒలింపిక్ క్రీడ లారంభమయ్యెను. జర్మనీకి అచ్చట తలుపు తెఱవబడలేదు. ఆ యేటి డిసెంబరులో దావోసు పాత్రను గెలిచినవారు బెర్లిను జట్టువారు! 1925లో మఱల ఆక్సుఫర్డు, 1926లో మఱల బెర్లిను. లోకము శత్రువులని యెంచిన రెండు జాతుల యువకులు ఒకే పాత్రను ఒకరిచేతినుండి ఒకరు పుచ్చుకొనిరి. అంతర్జాతీయ సంఘము ఆస్ట్రియాను 1924లోను, జర్మనీని 1926లోను మఱల చేర్చుకొనెను. ఇది యంతయు దావోసు పందెము వలననే జరిగినదనుట యతిశయోక్తి. రాజ్యముల నడుమ సంధులును కుదురుచుండెను. కాని సంఘముకంటె ముందు తలుపు తెఱచినది ఒక్క వైద్యుడని చెప్పుట సత్యము.

కథ ఇంతటితో ముగిసినచో మనకు సుఖముగా నుండును. కాని సత్యము ముగియదు. వెలిబాధ నెఱిగిన జర్మనీయే 1933 తరువాత తనలోని యూదులను వెలివేసెను. బెర్లిను జట్టున పేరుగాంచిన ఆటగాడు రూడీ బాల్, తండ్రి యూదుడగుటచే, దేశము విడువవలసివచ్చెను. 1936 ఒలింపిక్ క్రీడలకు ఆయన నేర్పు కావలసి వచ్చినప్పుడు మాత్రము పిలుచుకొనిరి. పిలుపునిచ్చిన దావోసునందే స్విట్జర్లండు నాజీలకు నాయకుడైన గుస్ట్‌లోఫు కాపురముండెను. ఆ క్రీడలకు రెండు దినములు ముందు, ఫిబ్రవరి 4వ తేదీని, డేవిడు ఫ్రాంక్‌ఫర్టరు అను యూదు విద్యార్థి యతనిని అచ్చటనే కాల్చి చంపెను. కార్లు స్పెంగ్లరు ఇదంతయు చూచి, 1937లో మరణించెను.

కాబట్టి ఆట వైరమును చంపునని నమ్మరాదు. క్షయమువలె వైరమును అణగియుండి, దేహము బలహీనమైనప్పుడు మఱల తల యెత్తును. దానికి ఏటేట చికిత్స వలయును. తన్ను వెలివేసినవారిపై కినుక తీఱినంత మాత్రమున మనుష్యుడు వెలిని విడువడు. ఇతరుని వెలివేయ ననునప్పుడే విడుచును. ఈ పాఠమును జర్మనీ నేర్వలేదు. మన యూళ్లును పూర్తిగ నేర్చినవని చెప్పజాలము.

స్పెంగ్లరు పందెము నేటికిని ప్రతి డిసెంబరు 26వ తేదీ మొదలు 31వ తేదీ వఱకు దావోసున జరుగుచున్నది. 2020లో మహమ్మారి వలన నిలిచినది. వైద్యుడు వెదకిన మందు మఱుగుపడినను ఆయన యిచ్చిన పాత్ర నిలిచినది. తండ్రికి ఒక దేశము చూపిన దయను కుమారుడు అప్పుగా నెంచి, తండ్రిని తఱిమిన దేశపు బిడ్డలకే తీర్చెను. మన యిండ్లలోను ఇట్టి యప్పు లెవరెవరికి తీర్పవలసి యున్నవో చదువరులే విచారించుకొందురు గాక.