గతానికి పొసిగే వక్రం: లాటరీ సంఖ్యల ఊహలో వక్ర సంధానం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

లాటరీలో ఇంతవరకు వెలువడిన సంఖ్యలను గ్రాఫు కాగితంపై బిందువులుగా గుర్తించి, వాటి గుండా ఒక వక్రాన్ని గీసి, దానిని కుడివైపుకు కొద్దిగా పొడిగిస్తే రాబోయే సంఖ్య తెలుస్తుందన్న ఆశ, గణితం ఏమీ తెలియనివారికంటే కొంత చదువుకున్నవారినే ఎక్కువగా ఆకర్షిస్తుంది. జోస్యాన్ని నమ్మనివారు కూడా సమీకరణాన్ని నమ్ముతారు. నేడు ఆ సమీకరణం కోసం శ్రమించవలసిన పని కూడా లేదు. ఎక్సెల్ వంటి సాధనంలో ఆరవ పరిమాణం వరకు బహుపదిని క్షణంలో గీయవచ్చు. ఏడు వారాల సంఖ్యలకు ఆరవ పరిమాణ బహుపదిని సంధానం చేస్తే అది ఏడు బిందువుల గుండానూ తప్పక పోతుంది. సంధాన యోగ్యతను తెలిపే విలువ సరిగ్గా 1 అని తెరపై కనిపిస్తుంది. చూసేవారికి అది నూటికి నూరుపాళ్లు కుదిరిన సూత్రంలా తోస్తుంది.

గణిత చరిత్రలో వక్ర సంధానానికి గౌరవప్రదమైన స్థానం ఉంది. సూత్రాలలో దోషం లేదు. అదే సాధనం గ్రహాల విషయంలో ఫలించి, లాటరీ విషయంలో ఎందుకు విఫలమవుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

అంతర్వేశనం ఫలించిన సందర్భాలు

తెలిసిన విలువల నడుమ తెలియని విలువను పూరించే ప్రక్రియను అంతర్వేశనం అంటారు. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 665 నాటి ఖండఖాద్యకంలో, 900 కలల ఎడంతో ఇచ్చిన జ్యా విలువల మధ్య ఇతర విలువలను కనుగొనడానికి రెండవ అంతరాలను కూడా లెక్కలోకి తీసుకొనే పద్ధతిని చెప్పాడు. న్యూటన్ 1687 నాటి ప్రిన్సిపియా మూడవ భాగంలో, ఎన్ని బిందువులిచ్చినా వాటన్నిటి గుండా పోయే వక్రాన్ని కనుగొనే విధానాన్ని వివరించాడు. తోకచుక్క స్థానాన్ని నిర్ణయించడం అక్కడి ప్రయోజనం. నేడు లగ్రాంజ్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రాన్ని ఆయన 1795లో చెప్పగా, వేరింగ్ అంతకుముందే, 1779లో, ప్రచురించాడు. శాస్త్ర చరిత్రలో పేర్ల కేటాయింపు కూడా ఒక విధమైన లాటరీయే!

వీటన్నిటికంటే ప్రస్తావనార్హమైనది సెరిస్ ఉదంతం. 1801 జనవరి 1న పలెర్మోలో పియాజీ ఒక కొత్త ఖగోళ వస్తువును గుర్తించాడు. ఫిబ్రవరి వరకు గమనించిన తర్వాత అది సూర్యకాంతిలో మరుగైపోయింది. ఆకాశంలో అది నడిచిన దారిలో చిన్న ముక్క మాత్రమే పరిశీలకుల చేతిలో మిగిలింది. ఇరవై నాలుగేళ్ల గాస్ ఆ కొద్ది పరిశీలనల నుంచి దాని కక్ష్యను గణించగా, ఆయన సూచించిన ప్రాంతానికి చేరువలోనే అదే సంవత్సరం చివర వాన్ జాక్ దానిని తిరిగి కనుగొన్నాడు. కనిష్ఠ వర్గాల పద్ధతిని లెజాండ్ర్ 1805లోను, గాస్ 1809లోను ప్రకటించారు.

గాస్ ఆ బిందువుల గుండా తోచిన వక్రాన్ని గీయలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. కెప్లర్ నియమాల ప్రకారం ఆ వస్తువు సూర్యుని చుట్టూ ఒక శాంకవ వక్రంలోనే నడవాలి. ఆ వక్ర రూపాన్ని ప్రకృతి నియమమే ముందుగా నిర్ణయించింది. ఆయన కనుగొనవలసినవి కక్ష్యను నిర్దేశించే ఆరు రాశులు మాత్రమే. ఆ పరిశీలనలకు ఉన్నత పరిమాణ బహుపదిని సంధానం చేసి నెలల తరబడి ముందుకు పొడిగించి ఉంటే, సెరిస్‌ను ఆకాశంలో ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలిసేది కాదు. సమాన దూరంలో ఉన్న బిందువులకు బహుపది పరిమాణాన్ని పెంచుతూ పోతే, కొన్ని సరళమైన ప్రమేయాల విషయంలో కూడా అంతరం చివరల వద్ద డోలనాలు తగ్గకపోగా పెరుగుతాయని రూంగె 1901లో నిరూపించాడు. తెలిసిన బిందువుల నడుమనే ఇంత అస్థిరత ఉన్నప్పుడు, వాటిని దాటి వెళ్లే బహిర్వేశనం సంగతి చెప్పనక్కరలేదు.

అంకెలతో ఒక పరీక్ష

1 నుంచి 49 వరకు సంఖ్యలున్న లాటరీలో వరుసగా ఐదు సార్లు 7, 23, 4, 31, 18 వచ్చాయనుకుందాం. ఐదు బిందువుల గుండా నాలుగవ పరిమాణ బహుపది ఒక్కటే పోతుంది. దాని ప్రకారం ఆరవ విలువ పొందడానికి చివరి సంఖ్య నుంచి వెనుకకు వరుసగా 5, −10, 10, −5, 1 అనే గుణకాలతో హెచ్చవేసి కూడితే చాలు. 90 నుంచి 310 తీసి, 40 కలిపి, 115 తీసి, 7 కలిపితే వచ్చేది −288. అటువంటి బంతి ఏ పెట్టెలోనూ ఉండదు.

దీనిని ఒక వికృత ఉదాహరణగా తోసిపుచ్చడానికి వీలులేదు. సంఖ్యలు పరస్పరం స్వతంత్రంగా వెలువడుతున్నప్పుడు, ఈ ఊహ విస్తృతి ఆ గుణకాల వర్గాల మొత్తానికి, అంటే 251 రెట్లకు, పెరుగుతుంది. క్రమ విచలనం దాదాపు 16 రెట్లవుతుంది. పది వారాల సంఖ్యలు తీసుకొని తొమ్మిదవ పరిమాణ బహుపదిని గీస్తే అది సుమారు 430 రెట్లకు చేరుతుంది. సమాచారం పెరిగినకొద్దీ ఊహ మెరుగుపడాలని సామాన్య జ్ఞానం చెబుతుంది; ఈ పద్ధతిలో సమాచారం పెరిగినకొద్దీ ఊహ మరింత విచ్చలవిడిగా తిరుగుతుంది. గతంతో పొందిక మాత్రం ప్రతిసారీ సంపూర్ణంగానే ఉంటుంది. ఆ పొందిక సంఖ్యల స్వభావాన్ని గురించి ఏమీ చెప్పదు. బహుపదిలో ఎన్ని స్వేచ్ఛా గుణకాలున్నాయో మాత్రమే చెబుతుంది.

ఈ చిక్కును గమనించినవారు వచ్చిన విలువను 49తో భాగించి శేషాన్ని తీసుకోవడం, పరిమాణాన్ని తగ్గించడం, సైన్ వక్రాలను చేర్చడం వంటి సవరణలు చేస్తారు. శేషం తీసుకుంటే ఊహ హద్దులలోకి వస్తుంది కాని, అక్కడ వక్రం చేస్తున్న పని పాచిక చేసే పనికి భిన్నమైనది కాదు. పరిమాణాన్ని బాగా తగ్గిస్తే వక్రం క్రమంగా సగటు రేఖకు దగ్గరవుతుంది. 1 నుంచి 49 వరకు గల సంఖ్యల సగటు 25. ఎంతో శ్రమించి సాధించిన సూత్రం చివరకు ప్రతి వారం 25కు అటూ ఇటూ ఉన్న సంఖ్యనే సూచిస్తుంది. ఆ సంఖ్యకు మిగిలినవాటికంటే ఎక్కువ అవకాశమేమీ లేదు. పైగా బంతి మీది సంఖ్య ఒక గుర్తు మాత్రమే. 31ని 4కంటే పెద్దదిగా భావించి ఎత్తులో గీయడమే మొదటి పొరపాటు. బంతుల మీద అంకెలకు బదులు పువ్వుల బొమ్మలుంటే ఎవరూ వక్రం గీయడానికి పూనుకొనేవారు కారు.

జెనోవా నుంచి వెనిస్ వరకు

90 సంఖ్యల నుంచి ఐదింటిని తీసే లాటరీ జెనోవాలో పుట్టింది. అక్కడ పాలక మండలికి ఐదుగురి పేర్లను చీటీల ద్వారా ఎంపిక చేసేవారు. ఆ పేర్లపై సాగిన పందాలే క్రమంగా సంఖ్యల ఆటగా మారాయి. ఈ ఆటను ప్రవేశపెట్టే ప్రతిపాదనపై ప్రష్యా రాజు ఫ్రెడరిక్ 1749లో యూలర్ అభిప్రాయం కోరాడు. తదుపరి కాలంలో యూలర్, వెలువడిన ఐదు సంఖ్యలలో వరుస సంఖ్యలు ఉండే సంభావ్యతపై ప్రత్యేకంగా ఒక పత్రం రాశాడు. మొత్తం 4,39,49,268 సంయోగాలలో వరుస సంఖ్యలు ఏవీ లేనివి 3,48,26,302. అంటే దాదాపు ఐదింట ఒకసారి కనీసం ఒక వరుస జంట కనిపించి తీరాలి. ఆటగాళ్లు సంకేతంగా భావించే జంటలు నిజానికి యాదృచ్ఛికతకు సహజ లక్షణాలు.

ఫ్రాన్సులో 1776లో స్థాపితమైన రాజ లాటరీ విప్లవ కాలంలో 1793లో రద్దయి, 1797లో తిరిగి వచ్చి, 1836లో ముగిసింది. చాలాకాలంగా రాని సంఖ్యపై జనం ఎగబడి పందెం కాయడాన్ని లాప్లాస్ 1814 నాటి సంభావ్యతా వ్యాసంలో భ్రమల జాబితాలో చేర్చాడు. రాని సంఖ్య రాబోతుందన్న నమ్మకం కూడా మరో రూపంలో వక్ర సంధానమే. అక్కడ గీసే రేఖ సగటు వైపు వంగుతుంది, అంతే తేడా.

లాప్లాస్ హెచ్చరించిన భ్రమకు రెండు శతాబ్దాల తర్వాత ఇటలీ భారీ మూల్యం చెల్లించింది. 2003 మే నుంచి 2005 ఫిబ్రవరి 9 వరకు వెనిస్ చక్రంలో 53 అనే సంఖ్య 182 విడతల పాటు రాలేదు. దానిపై 350 కోట్ల యూరోలకు పైగా పందాలు కాసినట్లు వార్తాపత్రికలు రాశాయి. కుటుంబాల పొదుపు కరిగిపోయింది. ఆత్మహత్యల వార్తలూ వచ్చాయి. ఒక విడతలో ఒక సంఖ్య వచ్చే అవకాశం 18లో 1. కనుక ఒక నిర్దిష్ట సంఖ్య వరుసగా 182 సార్లు రాకపోయే సంభావ్యత సుమారు 33,000లో 1. ఇది అసాధారణంగా తోస్తుంది. కాని పది నగరాల చక్రాలలో, ఒక్కొక్క విడతలో ఐదు చొప్పున, యాభై సంఖ్యలు కొత్త నిరీక్షణను మొదలుపెడతాయి. వారానికి రెండు విడతల చొప్పున లెక్కిస్తే, అంతటి సుదీర్ఘ విరామం దేశంలో ఎక్కడో ఒకచోట ఆరేడేళ్లకొకసారి రావలసిందే. 53 సంఖ్య ఏ నియమాన్నీ ఉల్లంఘించలేదు, ఏ బాకీ పడలేదు.

నియమం ఉన్నా వక్రానికి చిక్కదు

లాటరీ సంఖ్యల వెనుక ఎన్నడూ ఏ నియమమూ ఉండదని చెప్పడం కూడా సరికాదు. కంప్యూటర్ పుట్టించే సంఖ్యలకు నియమం ఉంటుంది. 1949లో లెమర్ ప్రతిపాదించిన పద్ధతిలో ఒక సంఖ్యను స్థిరరాశితో హెచ్చవేసి, మరో స్థిరరాశితో భాగిస్తే వచ్చే శేషమే తర్వాతి సంఖ్య. హెచ్చవేతతో పాటు కూడికను కూడా చేర్చిన రూపానికి చిన్న ఉదాహరణ: 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగించగా మిగిలిన శేషాన్ని తీసుకుంటూ 7తో మొదలుపెడితే 7, 6, 1, 8, 11 వస్తాయి. తర్వాతిది 10. నియమం తెలిసినవారికి ఇందులో రవ్వంత సందేహం లేదు. అవే ఐదు సంఖ్యల గుండా గీసిన బహుపది మాత్రం −38 అని చెబుతుంది. ఈ తరహా సంఖ్యలను త్రిమితీయ అవకాశంలో లేదా అంతకు మించిన మితులలో గుర్తిస్తే అవి కొద్దిపాటి సమాంతర తలాలలో ఇమిడిపోతాయని మార్సాలియా 1968లో చూపాడు. ఆ కాలంలో విరివిగా వాడిన రాండు అనే పద్ధతిలో ఆ తలాలు 15 మాత్రమే. ఆ నిర్మాణం బయటపడింది సంఖ్యలు పుట్టే తీరును విశ్లేషించినందువల్ల. కాలక్రమ గ్రాఫుపై నునుపైన వక్రానికి అది అందదు.

అమెరికాలో జరిగిన ఒక నేరం దీనికి నిదర్శనం. పలు రాష్ట్రాల లాటరీలను నిర్వహించే సంఘంలో సమాచార భద్రతాధికారిగా పనిచేసిన ఎడ్డీ టిప్టన్, సంవత్సరంలో కొన్ని దినాలలో సంఖ్యల ఉత్పాదకం ఊహకందేలా ప్రోగ్రాములో రహస్యంగా కొన్ని పంక్తులు చేర్చాడు. 2010 డిసెంబరు 29 నాటి హాట్ లాటో విడతలో 1 కోటి 65 లక్షల డాలర్ల బహుమతికి ప్రయత్నించడంతో వ్యవహారం బయటపడింది. 2017లో అతడు నేరం అంగీకరించగా 25 ఏళ్ల వరకు శిక్ష పడింది. వెలువడిన సంఖ్యల పట్టిక ఎవరికైనా అందుబాటులోనే ఉండేది. వాటి వరుసను ముందుగా తెలుసుకోగలిగినవాడు మాత్రం ప్రోగ్రాము రాసినవాడే.

పత్తి ధర నుంచి కుండ వరకు

భారతదేశంలో ఈ ప్రశ్నకు స్పష్టమైన రూపం మట్కా చరిత్రలో కనిపిస్తుంది. న్యూయార్క్ పత్తి విపణి ప్రారంభ, ముగింపు ధరలు బొంబాయికి తంతి ద్వారా చేరేవి. వాటిపై పందాలు సాగేవి. 1960ల తొలినాళ్లలో ఆ మార్గం మూసుకుపోయాక కుండ నుంచి చీటీలు, తర్వాత పేకముక్కలు తీసి అంకెలు నిర్ణయించే పద్ధతి వచ్చింది. ఓపెన్, క్లోజ్ అనే విపణి పదాలు మాత్రం ఆటలో అలాగే నిలిచిపోయాయి. ధరకు పంట, గిరాకీ, నౌకా రవాణా వంటి కారణాలుంటాయి. వాటి గ్రాఫు గీయడంలో కొంత అర్థముంది. కుండలోని అంకెకు అటువంటి పూర్వాపరాలు లేవు. అయినా వారాల వారీగా అంకెలను పట్టికలుగా రాసి, గీతలు కలిపి, రేపటి అంకెను పట్టుకొనే చార్టుల అలవాటు పాతుకుపోయింది.

రాయలసీమ జిల్లాల దినపత్రికల స్థానిక పుటలలో మట్కా బీటర్ల అరెస్టులు, స్వాధీనం చేసుకున్న చీటీల వార్తలు నేటికీ సుపరిచితమే. 1998 నాటి కేంద్ర లాటరీల నియంత్రణ చట్టం, రాష్ట్రాలు నడిపే లాటరీలలో సైతం ఒంటి అంకె ఆధారంగా బహుమతి ఇవ్వడాన్ని నాలుగవ సెక్షనులో నిషేధించింది. ఒంటి అంకె ఆటలోనే చార్టులకు అన్నిటికంటే ఎక్కువ పలుకుబడి ఉండడానికి కారణం సులభం. పది అంకెలలో ఒకదాన్ని చెప్పే ఏ పద్ధతి అయినా సగటున పది రోజులకొకసారి నిజమవుతుంది. వేయిమంది వేయి రకాల గీతలు గీస్తే, ఏ నైపుణ్యమూ లేకుండానే సగటున వందమంది మొదటి రోజు, వారిలో పదిమంది రెండవ రోజు, వారిలో ఒకరు మూడవ రోజు కూడా సరిగ్గా చెప్పగలుగుతారు. నాలుగవ రోజు ఊళ్లో చేతులు మారేది ఆ ఒక్కరి చార్టే. తక్కిన తొమ్మిదివందల తొంభై తొమ్మిది చార్టులు ఎవరి కంటా పడవు.