జనప్రియ నవలా ప్రచురణ: లాభనష్టాల వాదాలు – బందరు, బెజవాడల నేపథ్యం

అపరాధ పరిశోధక, క్షుద్ర, గూఢచారి నవలల ప్రచురణ గురించి రెండు అభిప్రాయాలు స్థిరపడ్డాయి. ఆ నవలలే ప్రచురణకర్తలను నిలబెట్టాయని, వాటి ఆదాయంతోనే తక్కిన గ్రంథాలు వెలువడ్డాయని మొదటి వాదం. వాటి గిరాకీ తాత్కాలికమని, రచయిత పేరు మసకబారగానే ప్రతులు అటకెక్కుతాయని రెండవ వాదం. ఈ రెండింటినీ పరీక్షించడానికి బందరు, బెజవాడల ప్రచురణరంగం అనువైన క్షేత్రం. ఈ రెండు పట్టణాలను కలిపే రహదారి మీదనే ఉయ్యూరు ఉంది.

మొదటి వాదానికి బందరులో పుట్టిన ఎం. శేషాచలం అండ్ కంపెనీ, అనగా ఎమెస్కో, ఒక ఆధారం. చౌకధర పాకెట్ పుస్తకాలుగా నవలలను అందించిన ఆ సంస్థే ‘సంప్రదాయ సాహితి’ పేరిట ప్రాచీన కావ్యాలనూ ముద్రించింది. ఈ సహభావం గమనార్హం. అయితే నవలల లాభమే కావ్యాలను పోషించిందని చెప్పడానికి లెక్కల పుస్తకాలు కావాలి. ప్రచురణల జాబితా ఒక్కటే చాలదు.

రెండవ వాదం పాఠకుల సంఖ్యనూ అమ్మిన ప్రతుల సంఖ్యనూ ఒకటిగా భావిస్తుంది. డెల్టా పట్టణాలలో ఈ నవలలను చాలామంది అద్దె పుస్తకాల దుకాణాల నుంచే తెచ్చుకొని చదివారు. ఒక ప్రతి ఎందరి చేతులు మారినా ప్రచురణకర్తకు దక్కేది ఒక్క ప్రతి వెలే. మరొక వైపు, ఆ దుకాణాలు ప్రతి కొత్త నవలకూ నికరమైన కొనుగోలుదారులు. అంటే అద్దె వ్యవస్థ అమ్మకానికి పైహద్దు విధించింది, కనీస అమ్మకానికి పూచీ కూడా ఇచ్చింది.

నష్టభయాన్ని తగ్గించిన అంశాలు మరి రెండు ఉన్నాయి. మొదటిది ధారావాహిక. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసీదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వెలువడి, ఆ తరువాత పుస్తకమైంది. పాఠకాదరణను పత్రిక ముందుగానే పరీక్షించింది కనుక ప్రచురణకర్తకు ప్రచారవ్యయం తగ్గింది. రెండవది పాత్ర పునరావృత్తి. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో నవల తరువాత నవలలో కనిపించి పాఠకుణ్ణి నిలుపుకొన్నారు. ఈ రెండు ఆసరాలూ లేని సామాన్య రచయితకు ‘డిటెక్టివ్’ అన్న ముద్ర ఒక్కటే అమ్మకాన్ని తెచ్చిపెట్టలేదు.

1995లో జెమిని, ఈటీవీ ప్రసారాలు మొదలైన తరువాత సాయంకాలపు తీరిక క్రమంగా టెలివిజన్ పరమైంది. వారపత్రికల ప్రాభవం తగ్గింది, అద్దె దుకాణాలు మూతపడసాగాయి. జనప్రియ నవల క్షీణతకు పాఠకుల అభిరుచి మారడమే కారణమంటే ఈ వరుస మరుగునపడుతుంది. కథ మీద ఆసక్తి చావలేదు, అది ధారావాహిక రూపంలోనే తెర మీదికి మారింది. తెగిపోయింది పత్రిక, ప్రచురణకర్త, అద్దె దుకాణం అనే గొలుసు.

కనుక లాభదాయకత నవలాప్రక్రియకు సహజగుణం కాదు, అది పంపిణీ వ్యవస్థ నుంచి సంక్రమించిన గుణం. ఈ నిర్ణయాన్ని అంకెలతో దృఢపరచవలసి ఉంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినప్పటి నుంచి గ్రంథాలయోద్యమ చరిత్ర శ్రద్ధగా నమోదైంది, అద్దె దుకాణాలకు అటువంటి చరిత్ర లేదు. ముద్రణ వివరాల పుటలోని ప్రతుల సంఖ్య, వెల, దుకాణపు ముద్ర, అద్దె తేదీల చీటీ ఇందుకు ప్రాథమిక ఆధారాలు. నలిగిన ఆ ప్రతులు చిత్తుకాగితాలుగా తూకానికి పోకముందే వాటిని సేకరించడం విశ్వవిద్యాలయ శాఖల తక్షణ కర్తవ్యం.