1952: ఒక ఉత్సవం, ఒక కరువు

1986 జనవరిలో హైదరాబాదులో ఫిల్మోత్సవ్ జరిగినప్పుడు అనంతపురం నుంచి నేనూ వెళ్లాను. అప్పటికి కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నాను. పత్రికలో పనిచేసే మిత్రుడొకడు పాసు సంపాదించి పెట్టాడు. ఒక సాయంత్రం ఒక విదేశీ చిత్రం తొలి ప్రదర్శన, ఆ తర్వాత హోటలు పచ్చిక మీద విందు. సినిమా మధ్యలో లేచిపోయినవాళ్లు కూడా విందుకు మాత్రం తప్పకుండా వచ్చారు. ప్లేటు పట్టుకుని ఒక మూల నిలబడి ఉంటే బెంగాలు నుంచి వచ్చిన విమర్శకుడొకాయన పలకరించాడు. నా ఊరు చెబితే, “కరువు జిల్లా కదూ” అన్నాడు. కాసేపటికి, “ఇలాంటి ఉత్సవాలకు మీ ప్రాంతం నుంచి ఎప్పుడైనా ఒక్క సినిమా వచ్చిందా?” అని అడిగాడు. రాలేదన్నాను. అలా అన్నందుకు సిగ్గు కూడా పడలేదు. కరువు నేలకు చలనచిత్రోత్సవం ఏమిటన్న ధీమా నాది.

ఆ జవాబు తప్పు. తప్పని తెలియడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఆ తప్పులో నా సొంత అజ్ఞానం ఎంతో, మన విమర్శ అలవాటు ఎంతో చూడవలసి ఉంది.

మన దేశంలో మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం 1952 జనవరి 24న బొంబాయిలో ప్రారంభమైంది. 23 దేశాలు పాల్గొన్నాయి. తర్వాత అది మద్రాసుకూ, ఢిల్లీకీ, కలకత్తాకూ వెళ్లింది. మన దేశం నుంచి ప్రదర్శించిన కథాచిత్రాలలో హిందీ ‘ఆవారా’, మరాఠీ ‘అమర్ భూపాళీ’, బెంగాలీ ‘బాబ్లా’ ఉన్నాయి. దక్షిణాది నుంచి వెళ్లింది ఒక్కటే: విజయా వారి ‘పాతాళభైరవి’. దర్శకుడు కె.వి. రెడ్డి. ఆయన తాడిపత్రి మనిషి. 1912లో అక్కడే పుట్టాడు. ఆ సినిమా తయారైన వాహినీ స్టూడియో వెనుక బి.ఎన్. రెడ్డితో పాటు నిలబడ్డ మూలా నారాయణస్వామిదీ తాడిపత్రే. అంటే మన దేశపు తొలి ఉత్సవానికి కరువు సీమ ఒక దర్శకుణ్ణే కాదు, ఆ సినిమా పుట్టిన స్టూడియోకు మూలధనాన్ని కూడా ఇచ్చింది.

అదే 1952లో రాయలసీమలో కరువు. అంతకు ముందు నుంచే వానలు లేవు. చెరువులు ఎండాయి, పశువులు సంతలకు పోయాయి. గంజి కేంద్రాలు తెరిచారు. 1876-78 నాటి ధాత కరువు కథలు తాతల నోట విన్నవాళ్లు, ఇప్పుడు తామే ముంతలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఒకే సంవత్సరంలో ఒకే నేల నుంచి కొందరు ఉత్సవానికీ, వేలమంది గంజి కేంద్రానికీ నడిచారు. తెర మీద మాత్రం ఈ ఇద్దరూ ఎదురుపడలేదు.

ఇక్కడ మన విమర్శకు ఒక సులువైన దారి ఉంది. కరువు కాలంలో మాంత్రికుడి కథ తీశారు కనుక అది పలాయనవాదమని ఒక్క మాటలో తేల్చేయడం. విద్యార్థి దశలో నేనూ అలాగే రాశాను. కానీ అదే దర్శకుడు 1947లో ‘యోగి వేమన’ తీశాడు. వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలో ఉంది. నిన్నటిదాకా అది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. సీమ మట్టిలో పుట్టిన ధిక్కార స్వరాన్ని తెరకెక్కించిన మనిషికి మట్టి తెలియదనగలమా? కనుక ప్రశ్న దర్శకుడి వ్యక్తిగత నిబద్ధతకు సంబంధించింది కాదు. అసలు ఏ వస్తువుకు తెర దొరికింది, దేనికి దొరకలేదు, ఎందుకు దొరకలేదు అన్నది ప్రశ్న.

తెలుగు తెరకు రైతు కొత్తవాడేమీ కాదు. 1939లోనే గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీశాడు. అందులో నటించిన బళ్ళారి రాఘవ కూడా తాడిపత్రిలో పుట్టినవాడే. జమీందారీ వ్యవస్థను ప్రశ్నించిన ఆ సినిమా జమీందారుల ఆగ్రహానికి గురై నిషేధాన్ని ఎదుర్కొంది. దాన్ని తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నది కూడా ఒక జమీందారు, చల్లపల్లి రాజా, కావడం ఆ కాలపు వైరుధ్యాలలో ఒకటి. రామబ్రహ్మం, రాఘవ ఇద్దరూ 1946లోనే కన్నుమూశారు. తొలి ఉత్సవం నాటికి ఆ దారిలో నడిపించేవాళ్లు మనకు మిగలలేదు.

ఉత్సవం మరో దారి చూపింది. దె సికా తీసిన ‘బైసికిల్ థీవ్స్’ను అక్కడే చాలామంది మొదటిసారి చూశారు. అందులో నిరుద్యోగికి గోడల మీద బొమ్మలు అంటించే పని దొరుకుతుంది. ఒక సినిమా తార పోస్టరు అంటిస్తూ ఉండగా అతని సైకిలు పోతుంది. స్టూడియో వదిలి వీధిలోకి వచ్చిన ఆ కెమెరా మన దర్శకులను కదిలించింది. మరుసటి ఏడాది, 1953లో, బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ వచ్చింది. కరువు, అప్పు, చేజారిపోతున్న పొలం, కలకత్తా వీధుల్లో రిక్షా లాగే రైతు అందులో ఉన్నారు. అనంతపురం రైతు ఎవరైనా తన కథే అనుకోదగ్గ కథ అది. అతని భాషలో అది రాలేదు.

ఎందుకు రాలేదో ఆలోచిస్తుంటే నాకు మా ఊరి టెంటు గుర్తొస్తుంది. 1965-66 నాటి కరువు రోజులు. పక్క ఊరికి టూరింగ్ టాకీసు వచ్చింది. ‘పాతాళభైరవి’ మళ్లీ ఆడుతోంది. చేలో పని లేదు, ఇంట్లో తిండి అంతంతమాత్రం. అయినా నాయన, పెదనాయన నన్ను వెంటబెట్టుకుని నేల టిక్కెట్టు మీద కూర్చోబెట్టారు. ఒకే ప్రొజెక్టరు. రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి, శనక్కాయలమ్మే పిల్లోళ్లు లోపలికి వచ్చేవాళ్లు. ఆట అయ్యాక వెన్నెట్లో రెండు మైళ్లు నడుస్తూ ఇంటికి బయల్దేరాం. నాకైతే మాంత్రికుడి నవ్వే చెవుల్లో మోగుతోంది. నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి అన్నాడు:

“ఆ బొమ్మ నడిగి మేడ తెప్పించుకొన్యాడు గానీ, ఒక పదును వాన అడగల్యాకపాయ గదన్నా.”

దానికి పెదనాయన, “వాడు తోటోళ్ల పిల్లోడప్పా. తోటకు బాయి ఉంటాది. వాన గురించి వానికేం పట్టె?” అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. చదువు రాని ఆ ఇద్దరు మెట్టరైతులు అన్న రెండు మాటల్లో నేను తర్వాత పుస్తకాలు తిరగేసి రాసిన వ్యాసాల కంటే ఎక్కువ విమర్శ ఉందని ఇప్పుడనిపిస్తుంది. నాయన వస్తువును ప్రశ్నించాడు. పెదనాయన ఆ వస్తువు వెనుక ఉన్న భూమిని ప్రశ్నించాడు. తోటమాలి కొడుకు పేదవాడే కావచ్చు, కానీ అతని పేదరికం నీళ్లున్న నేల పేదరికం.

తెలుగు తెర మీద రైతు పరిస్థితి అంతా ఆ మాటలో ఉంది. అభ్యుదయ దృష్టితో తీసిన ‘పల్లెటూరు’ (1952), ‘రోజులు మారాయి’ (1955) వంటి సినిమాలలో కూడా కనిపించేది కోస్తా పల్లే. అక్కడ తగాదా భూమి ఎవరిదన్నది. న్యాయమైన తగాదాయే. మెట్ట సీమలో భూమి తనదే అయినా, దాని మీద పడవలసిన వాన తనది కాదు, పండిన నాలుగు గింజల ధరా తనది కాదు. ఏటా సగటున ఇరవై రెండు అంగుళాల వాన కూడా సరిగా పడని నేలలో వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసే మనిషికి ఎదుట నిలబడే ప్రతినాయకుడెవడు? సినిమా కథకు కావలసిన ఆ ఒక్క ముఖం కరువుకు లేదు. వడ్డీవ్యాపారి, మండీ, పాలనా యంత్రాంగం అన్నీ కలిసిన ముఖం అది. దాన్ని చూపించాలంటే ఓపిక కావాలి. పెట్టుబడికి ఆ ఓపిక ఉండదు.

తర్వాతి రోజుల్లో ఉత్సవాలకు వెళ్లిన తెలుగు పల్లె చిత్రాలు ‘ఒక ఊరి కథ’ (1977), ‘మా భూమి’ (1980) తెలంగాణ నేల మీద తీసినవి. రెండింటికీ దర్శకులు బెంగాలీలు, మృణాల్ సేన్, గౌతమ్ ఘోష్. సీమ వంతు వచ్చేసరికి 1999 నాటి ‘సమరసింహారెడ్డి’ తర్వాత వరసకట్టిన సినిమాలు మాకు వేటకొడవళ్లూ, బాంబులూ, తెల్ల సుమోలూ ఇచ్చాయి. తెరకు కావలసిన ప్రతినాయకుడి ముఖం అలా దొరికింది. కరువు మాత్రం తెర వెనకే ఉండిపోయింది.

సాహిత్యం ఈ బాధ్యతను వదిలిపెట్టలేదు. తరిమెల నుంచి వచ్చిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ (1956) మొదలు, సింగమనేని నారాయణ కథలు, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ దాకా సీమ బతుకు అక్షరాల్లో నిలిచింది. కాగితం, కలం ఉంటే కథ రాయవచ్చు. సినిమాకు స్టూడియో కావాలి, పంపిణీదారు కావాలి, హాలు కావాలి. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా సినిమాను సాహిత్యం కొలతతో కొలవడం అన్యాయం. తీసుకుని కూడా ప్రశ్నించకపోవడం అంతకంటే అన్యాయం.

హైదరాబాదు విందులో నన్నడిగిన విమర్శకుడికి నేను బాకీపడ్డ జవాబు ఇది. వచ్చిందయ్యా, మొట్టమొదటి ఉత్సవానికే మా తాడిపత్రి మనిషి సినిమా వచ్చింది. మా కరువు ఇంకా రాలేదు. ఈ రెండు వాక్యాలనూ కలిపి చెప్పాలి. మొదటిది మాత్రమే చెబితే అది ప్రాంతాభిమానం, రెండోది మాత్రమే చెబితే చరిత్ర తెలియకపోవడం. నేను ఆ రోజు చేసింది రెండో తప్పు.

సాహిత్య విద్యార్థులు ఇంకొక పని కూడా చేయాలి. సినిమా చరిత్ర అంటే తీసినవాళ్ల చరిత్రే కాదు, చూసినవాళ్ల చరిత్ర కూడా. ఉత్సవాల విందుల్లో ఎవరేమన్నారో పత్రికలు రాసి పెట్టాయి. టెంటు నుంచి ఊరికి నడిచిన దారిలో నేల టిక్కెట్టు వాళ్లు ఏమనుకున్నారో ఎవరూ రాసి పెట్టలేదు. ఆ మాటలు గుర్తున్నవాళ్లు ఊళ్లలో ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లు ఉండగానే వెళ్లి అడగాలి.