చూపునకు, చేతకు నడుమ

కుతుబ్‌షాహీల నాటి ఇబ్రహీంపట్నం చెరువుకు తూము ఎత్తిన క్షణమే చివరి మడి తడవదు. కాలువలో నీటి వేగము తెలియవలెనన్న, దగ్గరి మడికి, దూరపు మడికి నీరు చేరిన వేళలను పోల్చి చూచిన చాలును. తూము ఎత్తుటలో జరిగిన జాప్యము రెంటికిని సమానమే గనుక లెక్కలోనుండి తొలగిపోవును.

ఇట్టి ఉపాయముతోనే 1850లో హెల్మ్‌హోల్ట్జ్ నాడీవేగమును కొలిచెను. అది కొలతకు అందనిదని ఆయన గురువైన యోహానెస్ ముల్లరే వ్రాసియుండెను! హెల్మ్‌హోల్ట్జ్ కప్పకాలి నాడిని కండరమునకు దగ్గరగా ఒకసారి, దూరముగా ఒకసారి విద్యుత్తుతో ప్రేరేపించి, కండరము కదలుటకు పట్టిన కాలములలోని తేడాను గ్రహించెను. వేగము సెకండుకు సుమారు 27 మీటర్లని తేలెను. ధ్వనివేగములో పదవవంతైనను లేదు. తలంపు, చేత ఏకకాలమున జరుగునని నమ్మిన ఆయన తండ్రికి ఈ ఫలితము మింగుడు పడలేదు.

ఇక మెదడు మాట. 1868లో డచ్చి శాస్త్రజ్ఞుడు డాండర్స్ పాదమునకు స్వల్ప విద్యుత్తు తాకించి, ఏ వైపు తగిలిన ఆ వైపు చేతిని కదల్పుమనెను. వైపు ముందే తెలిసినప్పటికంటె తెలియనప్పుడు సెకండులో సుమారు 15వ వంతు ఎక్కువ పట్టెను. కుడియా, ఎడమా అని గుర్తించి, తగిన చేతిని ఎన్నుకొనుటకు మెదడు తీసికొన్న కాలమది. (తక్కిన పనులేవియు మారవను ఊహ ఇందులో ఉన్నది, దానిని తరువాతివారు శంకించిరి.)

చూచి చేయి కదల్చుటకు సెకండులో సుమారు 5వ వంతు కావలెను. మరి చెరువుకట్ట దిగువ చిర్రగోనె ఆడు పిల్లవాడు ఎగిరిన చిర్రను ఎట్లు కొట్టుచున్నాడు? చిర్ర ఉన్నచోటికి కాదు, ఉండబోవు చోటికి గోనెను పంపుచున్నాడు. ఆ అంచనా ముందుగా కట్టుటలో చిన్నమెదడునకు ముఖ్యమైన పాలు కలదు.