రెండు మందుల పొత్తు

మొన్న మా అక్కగారు మోకాలి నొప్పికని బజారునుండి తెప్పించిన మాత్రను వేసికొనబోవుచుండగా మనుమడు వారించెను. ఆమె గుండె జబ్బునకు చిరకాలముగా వార్ఫరిన్ అను మందు పుచ్చుకొనుచున్నది. బాలుడు తన ఫోనులో రెండు మందుల పేర్లును వ్రాసి చూడగా, ఈ రెండును కలిసినచో రక్తస్రావము కలుగవచ్చునని హెచ్చరిక కనబడెను. వైద్యుడును ఆ మాటయే చెప్పి మాత్రను మార్చెను. ఈ హెచ్చరిక పుట్టుక పశువుల పాకలో నున్నదన్న, శ్రోతలు నమ్ముదురో లేదో!

1920 తరువాతి యేండ్లలో కెనడాలోను, అమెరికా ఉత్తర ప్రాంతములలోను పశువులు వింతగా చావసాగెను. కొమ్ము కోసినను, చిన్న గాయమైనను నెత్తురు కట్టదు. స్వీట్ క్లోవర్ అను మేత తడిసి బూజుపట్టుటయే కారణమని స్కోఫీల్డు అను పశువైద్యుడు కనుగొనెను. అయినను వేరు మేత కొనలేని రైతులు దానినే వేసిరి. మనలో మాత్రము తడిసిన వామిని పారవేయగలవా రెందరు? 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రైతొకడు మంచుతుపానులో సుమారు 190 మైళ్లు ప్రయాణము చేసి, చచ్చిన పెయ్యను, గడ్డకట్టని నెత్తురుతోడి పాలబిందెను, ఆ మేతను తెచ్చి లింకు అను రసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో దింపెను. ఆరేండ్లు శ్రమించి, 1939లో లింకు శిష్యులు ఆ విషమును వేరుచేసిరి. దాని పోలికను చేసిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వెలసి, 1954లో మనుష్యులకు మందయ్యెను.

ఇది త్రాసు ముల్లువంటిది. తక్కువైన నాళములలో నెత్తురు గడ్డకట్టును, ఎక్కువైన కారును. 1960 తరువాత వైద్యులకు మరియొక సంగతి తెలిసివచ్చెను. ఆసుపత్రిలో కొన్ని నిద్రమందులు వాడిన రోగుల కాలేయము వార్ఫరిన్‌ను త్వరగా హరించును. అందుచే మోతాదు పెంచవలసివచ్చెడిది. ఇంటికి పోయి నిద్రమందు మానినవారికి, కొన్నాళ్లకు ఆ మోతాదే అధికమై నెత్తురు కారెను. కీళ్లనొప్పులకిచ్చు ఫినైల్ బ్యూటజోనును కూడినప్పుడును ఇట్టి ప్రమాదమే కనబడెను. ఇట్టివి ఒక్కొక్కటిగా పత్రికల కెక్కి, గ్రంథములై, నేడు బాలుని ఫోనులోనికి వచ్చినవి.

అక్కగారు మాత్రము ఒక సంగతి దాచినది. నాటువైద్యుడిచ్చిన చూర్ణమును గూడ రహస్యముగా సేవించుచున్నదట. అందేమున్నదో ఎవరికిని తెలియదు గనుక, ఫోనులో వ్రాయుటకు పేరే లేదు. మరునాడా పొట్లమును నేనే వైద్యునివద్దకు గొనిపోయితిని.