కారులో కడప స్టేషను

మా ఇంట్లో ఇప్పుడున్న కారు 2009లో కొన్నది. 15 ఏళ్ళు నిండాక రిజిస్ట్రేషను ఇంకో 5 ఏళ్ళకు పొడిగించుకున్నాం. ఇంజను బాగానే ఉంది గానీ, కారుతో పాటు వచ్చిన స్టీరియోనే మొండికేసింది. సీడీ మింగితే కక్కదు, వాల్యూము తనంతట తనే పెరుగుతుంది. మార్చేద్దామని బెంగళూరు జేసీ రోడ్డుకు బయల్దేరుతుంటే మా నాన్నగారు ఒక్కటే అడిగారు: "కొత్తదాంట్లో కడప వస్తుందా?"

ఆ ప్రశ్న అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అమెరికాలో గాల్విన్ సోదరులు 1930లో కారు రేడియో అమ్మకానికి తెచ్చారు. మోటారోలా అనే పేరు మొదట ఆ రేడియోకు పెట్టిందే. మన దేశంలో మాత్రం చాలా కార్లకు రేడియో విడిగా కొని బిగించుకోవాల్సిందే. పైగా 1980ల దాకా రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి. మా తాతగారి ఫియట్‌లోనూ అలా బిగించిన సెట్టే ఉండేది.

ఆకాశవాణి కడప కేంద్రం 1963లో మొదలైంది. ఫిలిప్స్ వాళ్ళు క్యాసెట్టును లోకానికి చూపించిందీ ఆ ఏడాదే. తర్వాతి రోజుల్లో మా కారులో రెండూ చేరాయి. ఊళ్ళో తిరిగేటప్పుడు క్యాసెట్టు, సొంతూరికి వెళ్ళేటప్పుడు రేడియో.

కడప ప్రసారం మీడియం వేవ్ మీద వచ్చేది. ఎఫ్ఎం కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే అందదు. మీడియం వేవ్ అలా కాదు, నేలను అంటిపెట్టుకుని చాలా దూరం పోతుంది. హొసకోట దాటితే గరగరల మధ్య ఒక గొంతు, చింతామణి దగ్గర మాటలు, మదనపల్లె వచ్చేసరికి పక్కన కూర్చుని మాట్లాడినట్టు తెలుగు. రాయచోటి ఇంకెంత దూరమో తాతగారు రాళ్ళు చూడకుండానే చెప్పేవారు.

2001లో దేశంలోనే మొదటి ప్రైవేటు ఎఫ్ఎం స్టేషను, రేడియో సిటీ, మన బెంగళూరులోనే మొదలైంది. ఆ తర్వాత నగరంలో కారు రేడియో అంటే ఎఫ్ఎం అనే అయిపోయింది.

జేసీ రోడ్డులో మాకు ఆ సంగతి బాగా తెలిసొచ్చింది. స్టీరియో పెట్టే చోటుకు జర్మనీ వాళ్ళ డిన్ కొలత ఉంది: వెడల్పు 180, ఎత్తు 50 మిల్లీమీటర్లు. ఎత్తు రెట్టింపయితే డబుల్ డిన్. మా పాత సెట్టు డ్యాష్‌బోర్డు ఆకారంలోనే చేసింది కాబట్టి, అది తీశాక ఖాళీ కప్పడానికి ఫ్రేము కావాలి. అన్నీ దొరికాయి. ఏఎం ఉందా అంటే మాత్రం, "ఇప్పుడెవరు వింటారు సార్?" అని నవ్వారు.

మా అబ్బాయికి పెద్ద తెర కావాలి. "ఆకాశవాణి ఫోన్లోనే వస్తుంది కదా తాతయ్యా" అన్నాడు. నాన్నగారు కాసేపు ఆలోచించి, "ఫోన్లో అయితే ఇక్కడ్నుంచే వినపడుతుంది. మరి ఊరు దగ్గర పడిందని ఎట్లా తెలిసేది?" అన్నారు.

దానికి మా ఎవరి దగ్గరా జవాబు లేదు. నాలుగో దుకాణంలో ఏఎం ఉన్న సింగిల్ డిన్ సెట్టు దొరికింది. కింద మిగిలిన చోట చిన్న అర పెట్టించాం. అబ్బాయి రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు.

పాత వైర్లు కొయ్యనివ్వలేదు, కప్లరే వేయించాం. పసుపు వైరు ఎప్పుడూ బ్యాటరీకి, ఎరుపుది తాళం తిప్పితే వచ్చే కరెంటుకు. అవి తారుమారైతే సెట్టు స్టేషన్లను మరిచిపోతుంది. ఇంటికొచ్చి చూస్తే రేడియో నీరసంగా పలికింది. యాంటెనా బూస్టరుకు వెళ్ళే నీలం వైరు కలపలేదట! మళ్ళీ వెళ్ళి కలిపించుకొచ్చాం.

ఆ తర్వాత ఊరికి వెళ్ళినప్పుడు, చింతామణి దాటాక గరగరల్లోంచి తెలుగు మాట వినిపించింది. "మదనపల్లె వస్తాంది" అన్నారు నాన్నగారు. వెనక సీట్లో అబ్బాయి ఫోను పక్కన పెట్టి ముందుకు వంగాడు.

మీ పాత కారులో సెట్టు మార్చే ముందు, ముందు సీట్లో కూర్చునే పెద్దవాళ్ళను ఒకసారి అడిగి చూడండి.