వీరుల గుడి నుంచి వీరపతకం దాకా

పల్నాటిలో వీరుడికి దక్కిన గౌరవం రాయి. కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున ఉన్న వీరుల గుడిలో, 12వ శతాబ్దపు దాయాదుల పోరులో నేలకొరిగినవారు నేటికీ పూజలందుకుంటున్నారు. ఏటా కార్తిక అమావాస్యకు మొదలయ్యే ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అయిదు రోజులూ వరసగా నడుస్తాయి. ఆ వీరులను కొలిచే వీరాచారవంతులు ఊరూరి నుంచి ఆయుధాలు మోసుకొస్తారు. ఆ పోరులో ఒక పక్షాన్ని నడిపిన బ్రహ్మనాయుడి సేనాని మాల కన్నమదాసును, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడితో సమానంగా తలుచుకుంటారు. శ్రీనాథుడి పేరుమీదున్న ద్విపద కావ్యం ‘పల్నాటి వీరచరిత్ర’, ఊరూరా వీరగాథలు పాడే వీరవిద్యావంతుల పాట ఈ జ్ఞాపకాన్ని తరాలు దాటించాయి.

ఈస్టిండియా కంపెనీ ఏలుబడి వచ్చాక శౌర్యానికి కొలత మారింది. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు పెద్ద సంఖ్యలో చేరారు. ఉత్తరాదిన సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారంటే ఆ పేరు మన నేల నుంచి వెళ్లిందే. మద్రాసు దళాలు 1824లో మొదలైన బర్మా యుద్ధంలోనూ, 1840లో మొదలైన చైనా యుద్ధంలోనూ పోరాడాయి.

1837లో కంపెనీ దేశీయ సైనికుల కోసం ‘ఆర్డర్ ఆఫ్ మెరిట్’ పెట్టింది. అందులో మూడు తరగతులు. మూడో తరగతికి జీతంలో మూడో వంతు అదనం. మొదటి తరగతికి జీతం రెట్టింపు. పై తరగతి కావాలంటే మళ్లీ సాహసం చూపాల్సిందే. 1856లో వచ్చిన బ్రిటిష్ శౌర్యపతకం విక్టోరియా క్రాస్‌కు మాత్రం భారతీయ సిపాయి అర్హుడు కాలేదు. ఆ తలుపు 1911లో గానీ తెరుచుకోలేదు. ఈలోగా రాబర్ట్స్ వంటి బ్రిటిష్ సేనాధిపతులు ‘యోధ జాతుల’ వాదంతో దక్షిణాది సిపాయిని చిన్నచూపు చూశారు. మద్రాసు సైన్యంలో దక్షిణాదివారికి చోటు తగ్గిపోయింది. తెలుగువాడికి పౌరుషం తగ్గి కాదు, కొలిచేవాడి చూపు మారి.

అదే 1911లో అక్కిరాజు ఉమాకాంతం ఆ ‘పల్నాటి వీరచరిత్ర’ను అచ్చువేయించారు. ఆ పల్నాటిలోనే 1922లో, పశువుల మేతకు వేసిన పుల్లరి పన్ను కట్టనని నిలబడి, మించాలపాడులో ప్రాణమిచ్చిన కన్నెగంటి హనుమంతుకు ఏ ప్రభుత్వమూ పతకమివ్వలేదు. జనం పాట కట్టి నిలుపుకున్నారు.

పతకం పాలకుడిచ్చేది, తలపు ఊరు ఇచ్చేది. సిపాయిలకు ఆ రెండోది ఇప్పటికైనా అందాలి. మీ ఇంటి పాత పెట్టెలో ముత్తాతల పతకమో, పింఛను కాగితమో ఉంటే పారేయకండి. దానిమీది పేరు చదివి, పిల్లలకు చెప్పండి.